రాకాసి గుళ్ల గుంటలో తూర్పు గోడ

పురావస్తు శాస్త్రం చదవదలచిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. బి.ఏ.లో ఏ పాఠ్యాంశాలు తీసుకోవాలి, ఎం.ఏ.లో సీటు ఎట్లా వస్తుంది, ఆ తరువాత ఉద్యోగం దొరుకుతుందా అని అడుగుతారు. మొదటి రెండు ప్రశ్నలకు వివరంగా జవాబు చెప్పి, మూడోదానికి మంచినీళ్లు ఇస్తాను. వారిలో కుదురుగా కూర్చోగలిగినవారికి మాత్రం ఒక తవ్వకం గురించి చెబుతాను. అందులో బంగారం దొరకలేదు, శాసనం దొరకలేదు. దాని నివేదిక ఏ పత్రికలోనూ రాలేదు. తవ్విన చోటు సైతం ఇప్పుడు లేదు. అక్కడ నేల ఉండవలసిన ఎత్తులో గాలి ఉంది.

నేను గోదావరిఖనిలో డిగ్రీ అధ్యాపకుడిగా చాలాకాలం చరిత్ర బోధించాను. మా నాన్నగారు కోస్తా నుంచి రామగుండం విద్యుత్ కేంద్రంలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడినవారు. నా చదువంతా ఇక్కడే సాగింది, నా భాష మాత్రం ఇంటిదే మిగిలింది. అందువల్ల ఎంతకాలం పనిచేసినా పిల్లలకు నేను ‘ఆంధ్ర సారు’నే. ఆ పేరులో వెక్కిరింత కొంత, చనువు కొంత ఉండేవి. నేను రెండింటినీ పట్టించుకోలేదు. తరగతికి ఆలస్యంగా వచ్చినవారిని బయట నిలబెట్టేవాణ్ని. అక్షరాలు కుదురుగా లేని జవాబు పత్రాన్ని తిప్పి పంపేవాణ్ని. నన్ను ఇష్టపడిన విద్యార్థులు తక్కువ. ఇష్టపడమని నేను ఎవరినీ కోరలేదు.

బి.ఏ. మూడో సంవత్సరంలో పురావస్తు శాస్త్రానికి ఒకే ఒక పేపరు ఉండేది. మట్టి పొరల మీద పాఠం చెప్పి, కింది పొర పాతది, పై పొర కొత్తది, మధ్యలో ఎవరైనా గొయ్యి తవ్వి పూడిస్తే ఆ తవ్విన గీత మట్టిలో చెరగకుండా మిగులుతుంది అని వివరించాను. బొగ్గు ప్రాంతపు పిల్లలకు నేల కింది సంగతులు కొత్త కావు. వారి తండ్రులందరూ అక్కడే డ్యూటీ చేస్తారు. అయినా ఆ రోజు నిద్రపోనివారిలో ఒక అమ్మాయి లేచి నిలబడింది. ఈ కథ ఆమెదే.

“సార్, మా ఊరి గుట్ట కింద రాకాసి గుళ్లున్నయి. గుండ్రంగ బండరాళ్లు నిలబెట్టి ఉంటయి. అవి మీరు చెప్పిన సమాధులేనా?”

“చూడకుండా చెప్పను,” అన్నాను.

“మరి చూద్దురు రాండ్రి సార్. జల్ది రావాలె. ఊరు ఓపెన్‌కాస్ట్‌ల పోతున్నది.”

పై నేలనంతటినీ తొలగించి బొగ్గు తీసే గని కోసం ఆ ఊరిని సేకరించారు. సగం ఇళ్లు అప్పటికే ఖాళీ అయ్యాయి. మొండిగోడల మధ్య మేకలు తిరుగుతున్నాయి. గుట్ట వాలులో, తుమ్మపొదల నడుమ, బండరాళ్ల వలయాలు నిజంగానే ఉన్నాయి. ఇనుము వాడడం నేర్చిన తొలినాటి మనుషుల సమాధులవి. జనం వాటిని రాక్షసులు కట్టారని చెప్పుకొంటారు, పిల్లల్ని అటు పోనివ్వరు. ఆ అమ్మాయి మాత్రం చిన్నప్పటినుంచీ వాటి మధ్యే మేకలు కాసింది. ఏ వలయంలో నీడ ఎక్కువ, ఏ వలయంలో పాములు ఎక్కువ అన్నది తప్ప ఆమెకు వాటి గురించి మరేమీ తెలియదు. తెలియదన్న సంగతి ఆమెను కలవరపెట్టింది. ఈ చదువుకు అంతకుమించిన అర్హత లేదని నా నమ్మకం.

ఆమె తండ్రి భూగర్భ గనిలో టింబర్‌మన్. గని లోపల పైకప్పుకు, పక్కగోడలకు దుంగలు ఊతంగా నిలపడం, పడేటట్టున్న పెళ్లలను ముందే గడ్డపారతో కూల్చి దారిని భద్రం చేయడం ఆయన పని. ఆ కూల్చడాన్ని గనిలో డ్రెస్సింగ్ అంటారు. తల్లి చిన్నప్పుడే పోయింది. ఊళ్లో ఇల్లు ఖాళీ చేశాక తండ్రీ కూతుళ్లు సెంటినరీ కాలనీలోని కంపెనీ క్వార్టరులో ఉండేవారు. కూతురు ఎం.ఏ.లో ఏం చదవబోతున్నదో చెప్పడానికి నన్ను వెంట తీసుకుపోయింది. ఆయన శ్రద్ధగా విని, తరువాత గట్టిగా నవ్వాడు. ఎముకలను అక్కడ బొక్కలంటారు.

“అంటె నేను బొగ్గు తీసుడు, నువ్వు బొక్కలు తీసుడు. మనకు భూమి మీద పని రాసిపెట్టి లేదా బిడ్డా?”

“పగటిపూట తీస్త బాపూ, ఎండల,” అంది ఆమె.

“గట్లయితె నయమే. సారు, మీది గోదావరే, మాది గోదావరే. మీ దిక్కు నీళ్లు పారుతయి, మా దిక్కు ఇసుక పారుతది. పిల్లకు మంచిగ నేర్పుండ్రి. లోపలికి మాత్రం దింపకుండ్రి.”

లోపలికి అంటే గనిలోకి అని నేను అర్థం చేసుకున్నాను.

ఆమె ఎం.ఏ.లో చేరిన కాలానికే విశ్వవిద్యాలయంలోని పురావస్తు శాఖలో ఖాళీ వచ్చి, నేను అక్కడికి మారాను. డిగ్రీలో ఈ శాస్త్రం ఒక పేపరు. పీజీలో అది ఒక క్రమశిక్షణ. ఇది మొదటి నెలలోనే చాలామందికి తెలిసివస్తుంది, కొందరు ఆ నెలలోనే మానేస్తారు. ఇంగ్లీషు పుస్తకాలు ఆమెను బాగా ఏడిపించాయి. పెంకు ముక్కల వర్గీకరణలో మొదట్లో అందరికన్నా వెనుకబడింది. కానీ తవ్విన గుంట గోడను చూసి అందులోని పొరలను కాగితం మీద కొలతలతో గీయడంలో ఆమెకు సాటి ఎవరూ లేకపోయారు. గోడ ముందు కూర్చుంటే ఆమెకు ఆకలి గుర్తుండదు. కళ్లతో కాక వేలి కొనతో చూస్తుందా అనిపించేది. నేను విద్యార్థులను వారి ముందు మెచ్చుకోను. ఆమెనూ మెచ్చుకోలేదు.

మా శాఖాధ్యక్షుడి గురించి కొంత చెప్పాలి. నాకన్నా చిన్నవాడు, చురుకైనవాడు, మంచివాడు. పిల్లల హాస్టల్ సమస్యల నుంచి పెళ్లిళ్ల దాకా తన భుజాన వేసుకునేవాడు. నియమాల విషయంలో మాకు పొసగలేదు. ఆయన దృష్టిలో నియమం ఒక వాహనం, గమ్యం చేర్చకపోతే దిగిపోవచ్చు. “మీరు జైలరు కావలసిన మనిషండీ, దారితప్పి మాస్టారయ్యారు,” అని సిబ్బంది గదిలో అందరి ముందు అనేవాడు. నేను కాదనలేదు.

రెండో సంవత్సరం పరిశోధన వ్యాసానికి ఆమె తన ఊరి రాకాసి గుళ్లనే కోరుకుంది. ఆ వ్యాసానికి మంచి మార్కులు వస్తేనే పిహెచ్.డి.కి అవకాశం. మా శాఖలో ఆ ఏడాది ఒకే సీటు ఉంది. ఇక్కడ రెండో మాట లేదు, ఆ సీటు చేజారితే ఆమెకు ఈ శాస్త్రంలో మరో వాకిలి లేదు. అనుమతులు వచ్చేసరికి గని అంచు గుట్ట దాకా వచ్చింది. ఆ గని ప్రాజెక్టు అధికారి మర్యాదస్తుడు. “యంత్రాలు అటు తిరిగేదాకా తవ్వుకోండి. తిరిగాక నేను ఆపలేను,” అన్నాడు.

యంత్రాలు తిరగలేదు. రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. బొగ్గు ప్రాంతమంతా ఒక్కసారిగా ఆగింది. డంపర్లు నిలిచిపోయాయి, పేలుళ్లు నిలిచిపోయాయి. ఊపిరి పీల్చినప్పుడు నోట్లో మట్టి రుచి తగలకపోవడం నాకు కొత్తగా అనిపించింది. ఖాళీ అయిన ఊరి బడిలో మేము మకాం పెట్టాము. నేనూ, ఆ అమ్మాయీ, మరికొందరు విద్యార్థులూ. మట్టి మోయడానికి పాత ఊరివారే కొందరు వచ్చారు. డ్యూటీ లేదు గనుక ఆమె తండ్రి కూడా తన గడ్డపార భుజాన వేసుకొని వచ్చాడు.

సమ్మె శిబిరం నుంచి వచ్చిన ఒక యువకుడు నన్ను చూసి, “సారు మాట జూస్తె ఆంధ్రనే ఉన్నది. సమ్మెల పనెట్ల చేపిస్తున్నరు?” అని నిలదీశాడు.

ఆమె తండ్రి అడ్డం వచ్చాడు. “ఇది పని కాదుర అన్నా, సదువు. సారు ఈడనే పుట్టకపోయినా ఈడనే ముసలోడైండు. నువ్వు పోయి జెండ పట్టుకో, పో.”

నాకు అప్పటికి ముసలితనం ఇంకా రాలేదు. అయినా ఆ సమాధానం పనిచేసింది.

మేము ఒక వలయాన్ని ఎంచుకొని, దానిని నాలుగు భాగాలు చేసి, మధ్యలో మట్టి గోడలు వదిలి తవ్వుతూ పోయాము. ఆ గోడలు ఎందుకు వదలాలో కొత్తవారికి ఒక్క మాటలో చెబుతాను. తవ్విన మట్టి పోతుంది, తవ్వని గోడ మాత్రమే ఏ పొర ముందు, ఏ పొర తరువాత అన్నది చూపుతుంది. గోడను గీసి, ఫోటో తీసేదాకా అది ఆ చోటుకు మిగిలిన ఏకైక సాక్షి. గుంట అడుగున రాతి పలకల మధ్య ఇద్దరు మనుషుల ఎముకలు కలిసిపోయి బయటపడ్డాయి. ఇద్దరినీ ఒకేసారి పెట్టారా? లేక ఒకరిని పెట్టి మూసిన తరువాత, కొన్నేళ్లకు మళ్లీ వచ్చి, తెరిచి, రెండోవారిని వారి పక్కన చేర్చారా? వ్యాసమంతా ఈ ప్రశ్న మీద నిలబడింది. ఎముకలు జవాబు చెప్పే స్థితిలో లేవు. మూడు వైపుల గోడలనూ గీసి తవ్వేశాము, ఏమీ తెలియలేదు. మిగిలింది తూర్పు గోడ.

ఒక సాయంత్రం, వాన వెలిసిన తరువాత, తడి మట్టిలో రంగులు తేలాయి. తూర్పు గోడలో పాత గోతిని పూడ్చిన ఎర్రమట్టిని కోసుకుంటూ ఒక నల్లని గీత ఏటవాలుగా కిందికి దిగింది. ఆమె దాని ముందు గొంతుక్కూర్చొని చాలాసేపు కదలలేదు. తరువాత నెమ్మదిగా అంది:

“సార్, మళ్లొచ్చిన్రు.”

నేను కిందికి దిగి చూశాను. నాకూ అట్లాగే తోచింది. కానీ సాయంత్రపు మసక వెలుగులో తోచినది తోచినట్టు రాసుకోవడం మా శాస్త్రం కాదు. గోడను శుభ్రంగా చెక్కి, కొలకర్ర నిలబెట్టి, పొద్దుటి ఏటవాలు వెలుతురులో ఫోటో తీసి, ఆపైన గీయాలి. శాఖ కెమెరాతో అధ్యక్షుడు మరునాడు ఉదయమే వస్తున్నాడు. టార్పాలిన్ కప్పి, ఎవరూ ముట్టుకోవద్దని చెప్పాను. ఒక విద్యార్థి అప్పటికే సెల్‌ఫోనుతో ఫోటో తీశాడు. అందులో చీకటి ఉంది, ఆ అమ్మాయి జడ ఉంది, గోడ లేదు. పొద్దుటి వెలుతురు దాకా ఆగాలన్న ఆ నియమం ఈనాటికీ సరైనదేనని నా అభిప్రాయం.

ఆమె తండ్రి మాత్రం గోడ పైఅంచున వానకు విచ్చిన పగులును చూస్తూ నిలబడ్డాడు. గడ్డపారతో గోడను తట్టి, చెవి పెట్టి విన్నాడు.

“సారు, ఈ సైడు మంచిగ లేదు. డొల్ల మోగుతున్నది.”

నేనూ పగులును పరిశీలించాను. పైపైన వచ్చిన పగులుగా నాకు కనిపించింది. “రేపు గీయడం పూర్తయ్యేదాకా దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు,” అన్నాను.

“పిల్ల దీని కిందనే కూసుంటదా?”

“అవును, కూర్చోవాలి. కూర్చోకుండా గీయడం కుదరదు.”

“మా జోడీదారు గిట్లాంటి సైడు కిందనే కూసున్నడు సారు. అన్నం తింటాందుకు. టిఫిను మూత తియ్యకముందే పడ్డది.”

“బాపూ, ఇది గని కాదు,” అని కూతురు పైనుంచి విసుక్కుంది. “మనిషి ఎత్తు కూడ లేదు. నువ్వు పోయి పండుకో.”

ఆయన తలూపి వెళ్లిపోయాడు. నేను తలూపడాన్ని అంగీకారం అనుకున్నాను. గనిలో పద్ధతి వేరని తరువాత తెలుసుకున్నాను. అక్కడ టింబర్‌మన్ బాగా లేదన్న చోటుకు మేనేజరు సైతం అడుగు పెట్టడు. మనిషి వచ్చి కూర్చునేలోగా ఆ చోటును కూల్చి భద్రం చేయడమే టింబర్‌మన్ ధర్మం. ముట్టుకోవద్దన్న ఆజ్ఞ ఇతరులకు వర్తిస్తుంది, గడ్డపార పట్టినవాడికి వర్తించదు.

తెల్లవారాక బడి వరండాలో నేను పళ్లు తోముకుంటూ ఉండగా ఆ అమ్మాయి గీత బల్ల, కాగితాలు చంకలో పెట్టుకొని గుట్ట వైపు నడిచింది. నేను వెనకే వెళ్లాను. మేము చేరేసరికి టార్పాలిన్ మడతపెట్టి ఒక పక్కన ఉంది. తూర్పు గోడ లేదు. దాని చోట మోకాలి ఎత్తు మట్టి కుప్ప ఉంది. కుప్ప పక్కన ఆయన, చెమటతో, నవ్వుతూ.

“డ్రెస్సింగ్ అయిపోయింది బిడ్డా. ఇగ ఫికర్ లేదు. ఏనుగొచ్చి ఒరిగినా నీ మీద ఒక్క పెళ్ల పడదు.”

ఆమె నిలబడిపోయింది. నేను ఆమె ముఖం చూడలేదు, ఆమె చేతిలోని బల్లను చూశాను.

“బాపూ…”

“ఏంది బిడ్డా?”

“ఏం లేదు. చాయ తాగినవా?”

“ఏడ తాగుత? పొద్దు పొడవకముందే వస్తి.”

“పోయి తాగిరా మరి.”

అంతటితో ఆగిపోతే ఆయనకు తెలిసేది కాదు. కానీ అప్పుడే వచ్చిన విద్యార్థుల్లో ఒకడు తల పట్టుకొని, “కాకా, ఎంత పని చేసినవే! ఆ గోడ కోసమే కదనే మనమందరం ఈడున్నది!” అని అరిచాడు. ఆయన నవ్వు తగ్గలేదు కానీ అక్కడే నిలిచిపోయింది. కూతురిని చూశాడు, కుప్పను చూశాడు. గడ్డపారను నేల మీద పెట్టాడు.

కుప్పలోని మట్టిని జల్లెడ పడితే కొన్ని పెంకులైనా దొరుకుతాయి, పెద్ద పెళ్లలేమైనా విరగకుండా ఉంటే వాటిలో గీత ఆనవాలు కనబడవచ్చు. అందుకని జల్లెడలు తేవడానికి నేనూ పిల్లలూ బడికి వెళ్లాము. అక్కడ ఆ అమ్మాయి చాలాసేపు బడి గోడ వైపు తిరిగి నిలబడింది. మేము వేచి ఉన్నాము. చినిగిన జల్లెడలను బిగించుకొని గంటన్నర తరువాత తిరిగి వచ్చేసరికి కుప్ప లేదు. తూర్పు గోడ నిలబడి ఉంది.

ఆయన ఆ మట్టినంతటినీ నీళ్లు చల్లి తొక్కి, ముద్దలుగా చేసి, వరుస మీద వరుస పేర్చి, అరచేతులతో మెత్తి నున్నగా చేశాడు. మోచేతుల దాకా బురద. మట్టి మోసే ముసలామె దూరంగా కూర్చొని ఉంది. నన్ను చూసి లేచి, “నేను వద్దన్న సారు. ఇంటలేడు. ఆడిబిడ్డ లెక్క ఏడ్చుకుంట మెత్తిండు,” అంది.

“మళ్ల పెట్టిన సారు,” అన్నాడు ఆయన. “ఎట్లుండెనో గట్లనే పెట్టిన. చూసుకోండ్రి. తక్కువైతె చెప్పుండ్రి, ఇంక మట్టి తెస్త.”

పెళ్లలలో వెతకవలసినది ఇక ఏమీ మిగలలేదు.

అధ్యక్షుడి జీపు అప్పుడే వచ్చింది. ఆయన హుషారుగా దిగి, గుంట అంచున నిలబడి, లోపలికి చూసి చప్పట్లు కొట్టినంత పని చేశాడు. “అబ్బ! గోడను ఇంత నున్నగా చెక్కినవాళ్లను నా సర్వీసులో చూడలేదు. ఎవరమ్మా చెక్కింది?” అంటూ కొలకర్ర పెట్టించి ఫోటో తీశాడు. ఆ ఫోటో ఇప్పటికీ శాఖలో ఉండాలి. అంత స్పష్టమైన ఫోటో మా శాఖలో మరొకటి లేదు.

నేను ఆయనను పక్కకు పిలిచి జరిగినది చెప్పాను. ఆయన తేరుకొని గొంతు తగ్గించాడు.

“మీరు చూశారు కదా?”

“చూశాను.”

“ఆ అమ్మాయీ చూసింది. ఇద్దరు సాక్షులు. చూసినదే గీయించండి. సమ్మె ఇవాళో రేపో ఆగుతుంది. తరువాత ఇక్కడ గుట్టే ఉండదు. ఎవరు వచ్చి సరిచూస్తారు?”

“ఎవరూ సరిచూడలేరు కాబట్టే గీయకూడదు.”

“అబద్ధం గీయమనడం లేదండీ! నిజమే గీయమంటున్నాను. మీ నియమానికి ఆ పిల్ల భవిష్యత్తు ఎందుకు పోవాలి?”

నా జవాబు కోసం ఆగకుండా ఆయన గుంట దగ్గరికి వెళ్లి, ఎంతో ప్రేమగా, “అమ్మా, నిన్న సాయంత్రం చూసినది నీకు గుర్తుంది కదా? కూర్చొని గీసెయ్. నేను సంతకం చేస్తాను,” అన్నాడు.

తండ్రి అక్కడే, గుంట అంచున, బురద చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని కూర్చున్నాడు. అధ్యక్షుడి మెచ్చుకోలు ఆయన విన్నాడు. తాను చేసింది పనికివచ్చిందేమోనన్న ఆశ ఆయన ముఖంలో తెలుస్తూనే ఉంది. ఆమె గీసి ఉంటే ఆయన ఆ ఆశతో ఇంటికి పోయేవాడు, ఆమె సీటుతో శాఖకు వచ్చేది. నేను అడ్డుపడేవాణ్ని, అది వేరే మాట. కానీ ఆమె నా వైపు చూడలేదు. తండ్రి వైపు చూసింది.

“గుర్తున్నది సార్,” అంది. “గుర్తున్నదే గీస్తె అది నా గీత అయితది, గోడది కాదు. ఇది గోడ కాదు సార్. మా బాపు పెట్టిన మట్టి.”

ఆయన లేచాడు. తుండుతో చేతులు తుడుచుకోబోయి, తుండు కూడా బురదగానే ఉండడంతో దాన్ని అట్లాగే భుజాన వేసుకున్నాడు. గడ్డపార తీసుకోకుండా కాలనీ దారి పట్టాడు. ఆమె వెనకనుంచి “బాపూ!” అని ఒకసారి పిలిచింది. ఆయన ఆగలేదు. ఆమె వెంట పరుగెత్తలేదు. గుంటలో దిగి, రాతి పలకల కొలతలు తీసుకోవడం మొదలుపెట్టింది. ఆ పని ఇంకా మిగిలి ఉంది.

కొద్దిరోజులకే సమ్మె విరమించారు. ఎముకలను, పెంకులను పెట్టెల్లో సర్దుకొని మేము వచ్చేశాము. మిగిలిన వలయాలను తవ్వే వ్యవధి లేకపోయింది. యంత్రాలు గుట్ట వైపు తిరిగాయి. ప్రాజెక్టు అధికారి మర్యాద తప్పలేదు, ముందుగానే కబురు చేశాడు. నేను వెళ్లి దూరం నుంచి చూశాను. రాకాసి గుళ్ల బండరాళ్లు ఒక్కొక్కటిగా డంపరులోకి ఎక్కాయి. మామూలు రాళ్లలాగే చప్పుడు చేశాయి.

ఆమె వ్యాసంలో తూర్పు గోడ పటం ఉండవలసిన పేజీలో ఒక ఖాళీ చతురస్రం గీసి, కింద ‘నమోదుకు ముందే తొలగిపోయినది’ అని రాసింది. రెండో ఖననం గురించి ఒక్క వాక్యమూ నిశ్చయంగా రాయలేదు. ఆ ఖాళీకి మార్కులు ఉండవు. పర్యవేక్షకుడిగా నేను నియమం ప్రకారం వేయవలసినన్నే వేశాను. మళ్లీ వేయమన్నా అవే వేస్తాను. వైవాకు బయటినుంచి వచ్చిన పరీక్షకుడు ఆ పేజీ దగ్గర ఆగి, “ఎవరు తొలగించారు?” అని అడిగాడు.

“మా నాయన సార్.”

“ఎందుకు?”

“నా మీద పడుతదని.”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకొని, పెట్టుకొని, పేజీ తిప్పాడు. ఆ జవాబుకు మార్కులు వేసే గడి ఆయన ముందున్న కాగితంలో లేదు. ఆమెకు రెండో తరగతి వచ్చింది. పిహెచ్.డి. సీటు మరొకరికి వెళ్లింది. వారి వ్యాసం సాధారణమైనదే, కానీ అందులో ఖాళీ పేజీలు లేవు. రాష్ట్రం వచ్చాక శాఖలో సీట్లు పెరుగుతాయన్నారు. పెరిగేనాటికి ఆమె మంచిర్యాలలో ఒక ప్రైవేటు బడిలో సాంఘిక శాస్త్రం చెబుతున్నది. ఇప్పటికీ అక్కడే ఉంది. తవ్వకాల వైపు మళ్లీ రాలేదు. నేను ఒకసారి పిలిచాను. “వద్దు సార్,” అంది, అంతే.

వైవా జరిగిన నాడు ఆమె తండ్రి శాఖ బయట, మెట్ల మీద కూర్చొని ఉన్నాడు. డ్యూటీ మానుకొని, ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చాడు. ఆమె లోపల కాగితాల మీద సంతకాలు చేస్తున్నది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

“పాసైందా సారు?”

“అయింది.”

“పెద్ద సదువు సీటు?”

“రాదు.”

“నేను చేసిన పనితోనేనా?”

మెత్తని మాటలు చెప్పడం నాకు చేతకాదు, అయినా ఆ క్షణంలో ప్రయత్నించి చూశాను. రాలేదు. “అవును,” అన్నాను.

“చెప్పిన్రు, మంచిగైంది. పిల్ల చెప్తలేదు. అడిగితె చాయ పోస్తది.” ఇస్త్రీ చొక్కా చేతులు కిందికి లాక్కున్నాడు. “సారు, మీరు సదువుకున్నోళ్లు. ఒక్కటి అడుగుత. నేను ఆ పొద్దు ముట్టకపోతె ఆ సైడు పడునా, పడకపోవునా?”

నా సర్వీసంతటిలో నన్ను అడిగిన ప్రశ్నలలో దీనికే నేను ఎక్కువసేపు ఆలోచించాను. పగులు నాకు గుర్తుంది. అది పైపైదని నేను అనుకున్నదీ గుర్తుంది. లోపల ఎంత దూరం పోయిందో చూడడానికి ఇప్పుడు ఆ గోడ లేదు.

“తెలియదు,” అన్నాను. “ఇక ఎవరికీ తెలియదు.”

ఆయన తలూపాడు. లోపలినుంచి కూతురు వస్తున్న చెప్పుల చప్పుడు విని, గబగబా గొంతు తగ్గించి అన్నాడు:

“తెల్వదంటె సాలు సారు. పడునని అనుకుంట బతుకుత.”